పాత ఇల్లు ఎప్పటిదో పక్కింటి దస్తావేజు చెబుతుంది

పాత ఇంటి చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళు ముందు తమ ఇంటి దస్తావేజు తీసి చదువుతారు. చదవాల్సిందే. కానీ వాళ్ళు వెతికే సంగతి చాలాసార్లు అందులో ఉండదు. అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, సొమ్ము, హద్దులు ఉంటాయి. ఇల్లు ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో ఆ ఇద్దరికీ తెలుసు కాబట్టి రాయించుకునే అవసరం రాలేదు. ఆ సంగతి మీ ఇంటికి తూర్పునో దక్షిణానో ఉన్న ఇంటి కాగితంలో దొరుకుతుంది. నేను బందరులో (మచిలీపట్నంలో) దస్తావేజు లేఖరిగా పనిచేసి రిటైరయ్యాను. మండువా లోగిళ్ళు ఒక్కొక్కటే కూలి అపార్టుమెంట్లు లేస్తున్న ఈ రోజుల్లో, ఇల్లు పోయినా దాని కథ మిగలాలన్న ఆరాటంతో ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మా ఊరివి. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, గుంటూరు కూడా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి అక్కడా పద్ధతి ఇదే. తెలంగాణలో పాత రికార్డుల దారి వేరు, అయినా హద్దులు చదివే పద్ధతి మాత్రం అక్కడా పనికొస్తుంది.

ఇంట్లో ఉన్నవి

బీరువా, భోషాణం, అటక, దేవుడి గదిలో పాత ట్రంకుపెట్టె, అన్నీ దించండి. ఏ కాగితాన్నీ పనికిరాదని పక్కన పడేయకండి. తీరిపోయిన తనఖా పత్రాన్ని చాలామంది చించి పారేస్తారు. చరిత్ర కోసం వెతికేవాడికి క్రయ దస్తావేజు ఎంతో అదీ అంతే, ఎందుకంటే అందులోనూ షెడ్యూలు (ఆస్తి వివరాల పట్టిక) ఉంటుంది, హద్దులు ఉంటాయి, ఆ ఏడాది ఇంటి యజమాని ఎవరో ఉంటుంది. పన్ను రసీదులు, కోర్టు కాగితాలు, శుభలేఖలు, పోస్టుకార్డులు కూడా కలిపి ఏళ్ళవారీగా పేర్చండి.

పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి. విరిగిన మడత మీద సెల్లో టేపు అంటించకండి. కొన్నేళ్ళకి ఆ జిగురే కాగితాన్ని పసుపు పట్టించి తినేస్తుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో ఫొటోలు తీసుకుని, అసలుని మళ్ళీ మడత పెట్టకుండా వెడల్పాటి కవరులో ఉంచండి. ఫొటో రెండు వైపులా తీయాలి. వెనకవైపు స్టాంపు వెండరు రాసిన తేదీ, ఎవరి కోసం కొన్నారన్న పేరు ఉంటాయి. రిజిస్ట్రారు గారి ఎండార్సుమెంట్లో డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఎన్నో పుస్తకం, ఎన్నో వాల్యూం, ఏ పేజీలు అన్నవి ఉంటాయి. రేపు ఆఫీసులో నకలు అడగడానికి ఆ అంకెలే ఆధారం. తేదీ చెరిగిపోతే స్టాంపు మీద బొమ్మ చూడండి. ఏడో ఎడ్వర్డు 1901 నుంచి 1910 వరకు, అయిదో జార్జి 1936 దాకా, ఆ తర్వాత ఆరో జార్జి. కచ్చితమైన ఏడాది తెలియకపోయినా కాలం తెలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళని "ఇల్లు ఎప్పుడు కట్టారు?" అని అడిగితే "రెండొందల ఏళ్ళయ్యుంటుంది" అంటారు. అలా కాకుండా "బామ్మా, నువ్వు కాపరానికి వచ్చేసరికి వంటిల్లు ఎక్కడుండేది? నూతికి పళ్ళెం ఎవరు కట్టించారు? ఈ గదిలో ఎవరు పోయారు?" అని అడగండి. ఒక్కో గది పేరు చెప్పి అడిగితే జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి. మీ ఇంట్లో తద్దినాలు పెట్టించే పురోహితుడు గారిని కూడా కలవండి. తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా ఆయన నోట ఉంటాయి. మూడు తరాల మగవాళ్ళ పేర్లు, వాళ్ళ భార్యల పేర్లు ఒక్క పూటలో రాసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఇండెక్సులు పేర్లమీదే నడుస్తాయి కాబట్టి ఈ పేర్లు లేకుండా ఆఫీసు గడప ఎక్కడం దండగ.

ఊరికి ఒక గీత ఉంటుంది

ప్రతి ఊరికీ దాని ముందొక కాలం, తర్వాతొక కాలం అనిపించే సంఘటన ఒకటుంటుంది. బందరుకి అది 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన. సుమారు 30,000 మంది పోయారు. మా ఊళ్ళో ఏ ఇంటివాళ్ళు "రెండొందల ఏళ్ళది" అన్నా, ఆ రాత్రిని దాటి నిలిచిందా లేదా అన్నది నేను ముందు చూసుకుంటాను. ఆ మరుసటి ఏడాది, 1865 నుంచి, రిజిస్ట్రేషన్ చట్టం అమల్లోకి వచ్చింది. 1866లో మునిసిపాలిటీ ఏర్పడింది. అంటే ఉప్పెన తర్వాత ఊరు మళ్ళీ లేస్తున్న సమయంలోనే పుస్తకాలు రాయడమూ మొదలైంది. బందరులో ఇంటి చరిత్ర వెతికేవాళ్ళకి ఇది పెద్ద అదృష్టం.

ఇంకో తేదీ 1882. ఆ ఏడాది వచ్చిన ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు పైబడిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. అంతకు తక్కువ విలువైతే స్వాధీనం చేస్తే చాలు. ఆ రోజుల్లో తాటాకిళ్ళు, చిన్న పెంకుటిళ్ళు చాలా వరకు వంద లోపువే. అందుకే పెద్ద లోగిలికి దొరికినన్ని కాగితాలు చేనేతవాళ్ళ ఇంటికో, చిన్న కొట్టుకో దొరకవు. కాగితం లేదంటే చరిత్ర లేదని కాదు. అలాంటి ఇళ్ళకి పక్కవాళ్ళ హద్దులే ప్రధాన ఆధారం.

రిజిస్ట్రార్ ఆఫీసులో

ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కంప్యూటర్లో దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, వెతకాల్సిన ఏళ్ళకి రుసుము కట్టాలి. వెనక్కి వెళ్ళడం ఎప్పుడూ మెట్టుమెట్టుగానే. చేతిలో ఉన్న దస్తావేజులో "ఈ ఆస్తి నాకు ఫలానావారి వల్ల ఫలానా నంబరు దస్తావేజు ద్వారా సంక్రమించినది" అన్న వాక్యం పట్టుకోండి. ఆ నంబరుకి నకలు తీయండి. అందులో దానికి ముందు నంబరు ఉంటుంది. ఒకేసారి వందేళ్ళకి ఈసీ అడిగితే ఖర్చూ ఎక్కువ, ఆఫీసులో వాళ్ళకీ విసుగు.

ఏ పుస్తకంలో ఏముంటుందో తెలుసుకుని వెళ్ళండి. స్థిరాస్తి క్రయాలు, తనఖాలు, భాగపరిష్కారాలు (కుటుంబంలో ఆస్తి పంపకాలు), దాన సెటిల్‌మెంట్లు 1వ పుస్తకంలో ఉంటాయి. రుసుము కడితే దాన్నీ దాని ఇండెక్సునీ చూసే హక్కు చట్టం ఎవరికైనా ఇచ్చింది. వీలునామాలు 3వ పుస్తకంలో. రాసినాయన బతికుండగా ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప నకలివ్వరు, పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. 4వ పుస్తకంలోవి సంబంధించినవాళ్ళకే. ఇండెక్సులు రెండు రకాలు: ఒకటి పేర్ల వరసలో, ఒకటి ఆస్తి ఉన్న చోటు వరసలో. పేరుతో దొరక్కపోతే పేట పేరుతో చూడమనండి. గొడుగుపేట, పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఈడేపల్లి లాంటి పేట పేర్లు మారకుండా నిలిచాయి. డోరు నంబర్లు మాత్రం వార్డులు మార్చినప్పుడల్లా మారాయి. అందుకే పాత డోరు నంబరు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఈసీలో కనిపించనివి కూడా గుర్తుంచుకోవాలి. తండ్రి పోయి కొడుక్కి వచ్చిన ఆస్తికి రిజిస్ట్రేషన్ ఉండదు. దత్తత వెళ్ళినవాడి ఇంటిపేరు మారిపోతుంది, ఒకే మనిషి రెండు ఇంటిపేర్లతో కనిపిస్తాడు. కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఇల్లు తర్వాతి తరంలో అల్లుడి ఇంటిపేరులోకి వెళ్తుంది. చూసేవాళ్ళు పరాయివాళ్ళకి అమ్మేశారనుకుంటారు. గొలుసు తెగిందనిపించిన ప్రతిచోటా ముందు ఆడపిల్లల పెళ్ళిళ్ళు, దత్తతలు విచారించండి.

హద్దుల పట్టిక

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పెద్ద తెల్లకాగితం తీసుకుని ఎడమవైపు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు వరసలు గీయండి. పైన దొరికిన ప్రతి దస్తావేజు ఏడాదినీ వరసగా రాయండి. ఒక్కో గడిలో ఆ దస్తావేజు ఆ దిక్కున ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు ఎక్కించండి. "ఫలానావారి పెంకుటిల్లు" అని ఉంటే ఆ మాటలే రాయాలి, "పక్కిల్లు" అని కుదించకూడదు.

రెండేళ్ళ మధ్య దక్షిణపు పేరు మారిందంటే ఆ మధ్యలో దక్షిణపు ఇల్లు చేతులు మారింది. ఇప్పుడు ఆ కొత్త పేరుతో ఇండెక్సు వెతికితే దక్షిణపు ఇంటి దస్తావేజు దొరుకుతుంది. దాని ఉత్తరపు హద్దు మీ ఇల్లే. ఆ ఏడాది మీ ఇంటిని ఊళ్ళోవాళ్ళు ఏమని పిలిచారో, ఎవరిదిగా ఎరిగారో అక్కడ ఉంటుంది. ఇలా నాలుగు దిక్కులా చేస్తే మీ ఇంటి గురించి మీ కాగితాల్లో లేని సంవత్సరాలు నిండుతాయి.

గొడుగుపేటలో ఒక మండువా లోగిలి ఉంది. ఇప్పటి యజమానుల తాతగారు 1931లో కొన్నారు. ఆ దస్తావేజులో "పెంకుటిల్లు సహా నివేశన స్థలం" అని తప్ప ఇంకేం లేదు. ఇల్లు ఉప్పెనకి ముందుదని ఆ కుటుంబం నమ్మకం. దక్షిణపు ఇంటివాళ్ళ కాగితాలు తీశాం. 1889 నాటి భాగపరిష్కార పత్రంలో ఉత్తరపు హద్దు "ఫలానావారి ఖాళీ దొడ్డి" అని ఉంది. అదే ఇంటిమీద 1903లో రాసిన తనఖాలో ఉత్తరపు హద్దు "సదరువారి పెంకుటింటి గోడ" అయింది. ఖాళీ దొడ్డికీ పెంకుటింటి గోడకీ మధ్య పద్నాలుగేళ్ళు. ఇల్లు లేచింది ఆ మధ్యలోనే. కట్టించినాయన పేరు రెండు పత్రాల్లోనూ ఒకటే. ఆ పేరు ఇప్పటి యజమానుల కుటుంబంలో ఎవరూ విననిది. ఆయన కాగితం ఒక్కటి కూడా మాకు దొరకలేదు. ఆయన ఉన్నట్టు చెప్పింది పక్కింటివాళ్ళే.

అందుకని హద్దులో నామవాచకం మీద దృష్టి పెట్టండి. ఖాళీ స్థలం, తాటాకిల్లు, పెంకుటిల్లు, డాబా, మేడ. ఈ వరసలో మాట మారిన చోటల్లా ఒక కట్టుబడి జరిగింది. "ఉమ్మడి గోడ" అని కనిపిస్తే రెండిళ్ళూ ఒకప్పుడు ఒకే కుటుంబానివి అయ్యుండే అవకాశం బలంగా ఉంది. అలాంటి చోట భాగపరిష్కార పత్రం కోసం వెతకండి. అది దొరికితే పండగే. ఏ గది ఎవరికి, నుయ్యి ఎవరెవరు వాడుకోవాలి, నడక సందు వెడల్పెంత, చూరునీరు ఎటు పడాలి, అటక మెట్లు ఎవరివి, అన్నీ ఉంటాయి. ఆ ఒక్క పత్రంతో ఇంటి ప్లాను గీసుకోవచ్చు.

పక్కింటివాళ్ళని అడిగేటప్పుడు జాగ్రత్త. దస్తావేజు చూపించమనగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, స్థలం మీద తగాదా తెస్తున్నారనుకుంటారు. "పిన్నిగారూ, మాకు హద్దుల గొడవేం లేదు, తాతగారి ఇంటి కథ రాసుకుంటున్నాం, పాతదొక్కటి చూపిస్తే చాలు" అని చెప్పండి. ఇప్పటి దస్తావేజు అడగకండి, యాభై అరవై ఏళ్ళ కిందటిదే అడగండి. వాళ్ళింట్లోనే కూర్చుని వాళ్ళ కళ్ళముందే చదవండి. అసలు కాగితాన్ని బయటికి తీసుకెళ్ళనంటే నమ్మకం కుదురుతుంది. వాళ్ళింటి కథ మీకు తెలిసినంత వాళ్ళకీ చెప్పండి.

పత్రంలో కథ ఎక్కడ దాగుంటుంది

మామూలు క్రయ దస్తావేజు పొడిగా ఉంటుంది. కథ ఉండేది విధవరాళ్ళు, మైనర్ల గార్డియన్లు రాసిన వాటిలో. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్త ఆస్తి మీద భార్యకి పరిమిత హక్కే. చట్టం ఒప్పుకునే అవసరం ఉంటేనే అమ్మగలదు. రేపు వారసులు దావా వేస్తారన్న భయంతో కొనేవాళ్ళు ఆ అవసరాలన్నీ పత్రంలో రాయించుకునేవారు. భర్త ఎప్పుడు పోయాడు, ఎవరికి ఎంత బాకీ, ఏ కూతురి పెళ్ళి, ఏ కర్మకాండ, ఏ కోర్టు ఖర్చు, అంతా వరసగా ఉంటుంది. ఆ పేరాలు చదువుతుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇంటి చరిత్ర రాసేవాళ్ళు ఆ ఆవిడల పేర్లు తప్పకుండా రాయాలి. ఇల్లు నిలబెట్టిందీ, విడవలేక విడిచిందీ వాళ్ళే.

"నిధి నిక్షేప జల తరు పాషాణ" అని మొదలయ్యే అష్టభోగాల వరస చూసి ఇంట్లో నిధి ఉందేమోనని కొందరు అడుగుతారు. అది ప్రతి దస్తావేజులోనూ వచ్చే మాటే. "దాన విక్రయాది సర్వ హక్కులతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా" అన్నదీ అంతే. ఈ మూస వాక్యాలు గొలుసుకట్టు రాత చదవడం నేర్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి. ఏం రాసి ఉంటుందో ముందే తెలుసు కాబట్టి, ఆ లేఖరి ఏ అక్షరాన్ని ఎలా కలిపాడో వాటిలో చూసుకుని, తర్వాత పేర్ల దగ్గరికి వెళ్ళండి.

తేదీలు. తెలుగు సంవత్సరం అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. వికారి 1899 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 1959కి వచ్చింది. 1900 జనవరిలో రాసిన పత్రం ఇంకా వికారిలోనే ఉంటుంది. ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలపండి. ఫసలీ 1309 అంటే 1899 జూలై 1 నుంచి 1900 జూన్ 30 వరకు. సొమ్ము రూపాయలు, అణాలు, పైలలో ఉంటుంది: రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి. కొలతలకి ఎకరా 4,840 చదరపు గజాలు, సెంటు 48.4 గజాలు. పాత పత్రంలో గజాలు, కొత్త పత్రంలో సెంట్లు ఉంటే లెక్కకట్టి చూడండి. స్థలం తగ్గిందంటే ఎవరికో ఒక ముక్క వెళ్ళింది, లేదా రోడ్డు వెడల్పులో పోయింది.

మిగిలిన చోట్లు

మునిసిపాలిటీలో పన్ను డిమాండ్ రిజిస్టర్లు పాతవి మిగిలి ఉంటే చూడండి. పన్ను ఒక్కసారిగా పెరిగిన ఏడాది మేడ వేసి ఉండొచ్చు, లేదా ఊరంతటికీ పన్ను పెంచి ఉండొచ్చు. అందుకే ఆ వీధిలో ఇంకో రెండిళ్ళవి కూడా పోల్చాలి. టౌన్ సర్వే జరిగిన చోట టీఎస్ నంబరు, వార్డు, బ్లాకు పట్టుకుంటే స్థలం ఆకారం దొరుకుతుంది. సర్వే జరగని పాత ఊరిభాగం గ్రామకంఠం కిందకి వస్తుంది. అక్కడ విడివిడి ఇళ్ళకి రెవెన్యూ రికార్డు ఉంటుందని ఆశించకండి. ఈనాము (పూర్వపు పాలకులు దానంగా ఇచ్చిన) స్థలమైతే ఈనాం ఫేర్ రిజిస్టరు నకలు అడగండి. 1858లో మొదలైన ఈనాం కమిషన్ విచారణలో తయారైనది అది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, అప్పుడు అనుభవిస్తున్నదెవరు అన్నవి అందులో ఉంటాయి.

తగాదా పడిన ఇల్లయితే మీ పని సులువు. మద్రాసు హైకోర్టు పాత తీర్పులు చాలా వరకు ఇంటర్నెట్లో ఉచితంగా చదవొచ్చు. ఇంటిపేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా వెతకండి. ఊరిని కూడా బందరు, మసూలిపటం, మసూలిపట్నం, మచిలీపట్నం అన్న స్పెల్లింగులన్నిటితో వెతకాలి. 1865కి ముందు సంగతులకి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ పాత రికార్డులున్నాయి. పెద్ద వర్తకుల ఇళ్ళు, ఈస్టిండియా కుంపిణీ వారితో లావాదేవీలున్న కుటుంబాలు తప్ప మిగతావాళ్ళు అంత దూరం వెళ్ళాల్సిన పని లేదు. పాత పత్రికల కోసం 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళిరండి. 1902లో బందరులోనే పుట్టిన కృష్ణాపత్రిక లాంటి వాటిలో వార్తలకన్నా ప్రకటనల్లోనే వీధుల పేర్లు, కొట్ల పేర్లు ఎక్కువ దొరుకుతాయి.

ఇక ఇంటినే చదవడం. పెంకు తిరగేసి అడుగున ముద్ర చూడండి. మంగుళూరు పెంకుల్ని బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మొదలుపెట్టారు, కాబట్టి అవి కప్పిన కప్పు అంతకు ముందుది కాదు. కానీ కప్పు వయసు ఇంటి వయసు కాదు. గూనపెంకులు తీసేసి మంగుళూరు పెంకులు వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. వాసాలకి పాత మేకుల రంధ్రాలు, ఎడం మారిన గుర్తులు ఉంటే అదే జరిగిందనుకోవచ్చు. ఇనుప దూలం మీద టాటా ముద్ర ఉంటే 1912కి ముందుది కాదు. గోడ సున్నంతో కట్టిందా సిమెంటుతోనా అన్నది ఊడిన చోట గీకి చూస్తే తెలుస్తుంది. ఒకే ఇంట్లో రెండూ కనిపిస్తే, ఆ అతుకు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని హద్దుల పట్టికలోని ఏళ్ళతో పోల్చండి. కాగితం, గోడ ఒకే మాట చెప్పిన చోట మాత్రమే "కట్టారు" అని రాయండి. ఒక్కటే చెబితే "కట్టి ఉండవచ్చు" అని రాయండి.

రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన అది ఏ పత్రం, ఏ ఏడు, ఏ నంబరు అన్నది తప్పక వేయండి. ఈ చరిత్ర హక్కుకి రుజువు కాదన్న సంగతి ఇంట్లోవాళ్ళందరికీ చెప్పండి. హక్కు సంగతి వకీలు చూసుకుంటారు. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ఈ పని అంతకు ముందే ముగించాలి. రిజిస్ట్రేషన్ రోజున లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులన్నీ కొన్నవారి చేతికి వెళ్ళిపోతాయి, ఆ తర్వాత ఒక్క కాగితం చూడాలన్నా వాళ్ళని బతిమాలుకోవాలి. ఫొటోలన్నీ రెండు చోట్ల దాచండి. రాసినదాని ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికి, ఇంకొకటి దస్తావేజు చూపించిన పక్కింటివాళ్ళకి ఇవ్వండి.